తెలుగు వెబ్‌పుటల ప్రదర్శన – బ్రౌజరు ఎంపిక: పరిశోధకుల అవసరాల దృష్ట్యా ఒక పరిశీలన

తణుకు, తాడేపల్లిగూడెం, ఏలూరు ప్రాంతాల నుంచి కొల్లేటి జనజీవనంపై పరిశోధన చేసేవారు 2006వ సంవత్సరాన్ని విడిచిపెట్టలేరు. అయిదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తొలగించిన ‘ఆపరేషన్ కొల్లేరు’ జరిగింది ఆ ఏడే. ఆ దశాబ్దపు తెలుగు పత్రికల వెబ్‌పుటల భద్రపరచిన ప్రతులను నేడు తెరిస్తే చాలాచోట్ల తెలుగుకు బదులు లాటిన్ అక్షరాలు, వాటి నడుమ అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. ‘వేరే బ్రౌజరులో తెరిచి చూడండి’ అన్నది అందరూ ఇచ్చే సలహా. అది కొన్ని సందర్భాలలో పనిచేస్తుంది, కొన్నింటిలో బొత్తిగా పనికిరాదు. ఆ భేదం తెలియకపోతే పరిశోధకుని కాలం వృథా కావడమే కాదు, ఉదాహరించే పాఠమే చెడిపోయే ప్రమాదం ఉంది.

తెరపై తెలుగు కనిపించడంలో కోడు, ఫాంటు, అక్షర సంయోజనం అనే మూడు దశలున్నాయి. జిల్లా పేరులోని ‘పశ్చిమ’ను తీసుకుంటే, పకారం తర్వాతి భాగం యూనికోడ్‌లో శకారం, పొల్లు, చకారం, గుడి, మకారం అనే వరుసలో నిలువ ఉంటుంది. ఈ వరుసలో చకారం తర్వాత ఉన్న గుడి తెరపై శకారం మీదికి చేరాలి. చకారం ఒత్తుగా కిందికి దిగాలి. ఈ కూర్పు చేసే భాగాన్ని షేపింగ్ ఇంజిన్ అంటారు. అది విఫలమైతే పొల్లు విడిగా మిగిలి ‘పశ్‌చిమ’ అని కనిపిస్తుంది. అక్షరాల స్థానంలో చదరపు గడులు కనిపిస్తే లోపం ఫాంటుది. లాటిన్ అక్షరాలు కనిపిస్తే లోపం కోడులో ఉన్నట్టు. బ్రౌజరు మార్చడం వల్ల తేలికగా తీరగలది వీటిలో సంయోజన లోపం ఒక్కటే.

కోడు లోపానికి చరిత్ర ఉంది. యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991 నాటి తొలి వెర్షన్ నుంచే ఉన్నా, సామాన్య వినియోగదారునికి అది అందింది 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చాకనే. ఈలోగా పత్రికలు తమ సొంత ఫాంట్లతో వెబ్‌సైట్లు నడిపాయి. ఆ పుటల్లో నిలువ ఉన్నది లాటిన్ అక్షరాల కోడే. దానికి తెలుగు రూపాన్ని తొడిగేది, పుటతో పాటు దిగే ‘డైనమిక్ ఫాంటు’. మైక్రోసాఫ్ట్ రూపొందించిన ఈ ఫాంటు పద్ధతి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రమే పనిచేసేది. తెలుగు చదవాలంటే ఎక్స్‌ప్లోరరే వాడాలన్న అభిప్రాయం బలపడటానికి కారణం ఇదే. వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత ఇటువంటి పుటలను అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. తెలుగు కంప్యూటింగ్ చరిత్రలో దానికి దక్కవలసినంత స్థానం దక్కలేదనే చెప్పాలి. 2017 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి పొడిగింతలను నిలిపివేసింది. ఆ పద్ధతిలో రాసిన పద్మ కూడా వాటితోనే ఆగింది. 2022 జూన్‌లో ఎక్స్‌ప్లోరర్‌కూ మద్దతు ముగిసింది. ఎడ్జ్ బ్రౌజరులోని ‘ఐఈ మోడ్’ను కనీసం 2029 వరకు కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది గనుక, పుటతో పాటు ఫాంటు ఫైలు కూడా భద్రపడి ఉన్న చోట అది ప్రయత్నించదగినది. ఫాంటు లేని చోట ఏ బ్రౌజరూ ఏమీ చేయలేదు. కోడును యూనికోడ్‌లోకి మార్చుకోవడమే శరణ్యం.

యూనికోడ్ పుటల విషయం వేరు. విండోస్‌లో క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడూ నేడు హార్ఫ్‌బజ్ అనే ఒకే షేపింగ్ ఇంజిన్‌ను వాడుతున్నాయి. కనుక ఒకే ఫాంటు ఉన్నప్పుడు ఒత్తుల కూర్పులో వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా ఉండదు. మన దేశంలో ఐఫోన్ వాడేవారికి ఎంపిక ఇంకా నామమాత్రం. అందులో ఏ బ్రౌజరు పెట్టుకున్నా లోపల పనిచేసేది ఆపిల్ వారి వెబ్‌కిట్టే. సంయోజన దోషం ఎంత దూరం పోగలదో 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ నిరూపించింది. జకారం, పొల్లు, ఞకారం, కంటికి కనబడని విభాజకం, దీర్ఘం అనే వరుస తెరపైకి రాగానే ఐఫోన్ అనువర్తనాలు కుప్పకూలాయి. ఆ నెల 19న విడుదలైన ఐఓఎస్ 11.2.6తో అది సరయింది. జ్ఞానానికి ఆద్యక్షరమే యంత్రానికి మింగుడుపడకపోవడం యాదృచ్ఛికమే అయినా, తెలుగువారికి గుర్తుండిపోయే ఘటన.

అయితే ప్రాచీన పాఠాలపై పనిచేసేవారికి బ్రౌజర్ల మధ్య ఒక భేదం ముఖ్యమవుతుంది. తణుకుతో నన్నయను ముడిపెట్టే ఐతిహ్యం ఈ ప్రాంతంలో సుపరిచితం. ఆ కాలపు భాష నుంచి తొలినాటి అచ్చు పుస్తకాల దాకా పరిశీలించేవారికి అరసున్న, బండి ఱ, దంత్య చ, జ లు, నకార పొల్లు అన్నీ కావాలి. దంత్యాక్షరాలు ౘ, ౙ యూనికోడ్‌లో 2008లో చేరాయి. నకార పొల్లు 2021లో గాని చేరలేదు. అంతకుముందు తయారైన ఫాంట్లలో ఇవి గడులుగా కనిపించడం సహజం. ఫైర్‌ఫాక్స్ సెట్టింగులలో ఫాంట్ల విభాగంలోని అడ్వాన్స్‌డ్ మీట నొక్కి, లిపిగా తెలుగును ఎంచుకుని, ఈ అక్షరాలున్న ఫాంటును నిర్ణయించుకోవచ్చు. పుట తన ఫాంటును రుద్దకుండా అక్కడే నిరోధించవచ్చు. క్రోమ్ సెట్టింగులలో లిపివారీగా ఇలా నిర్ణయించే వీలు లేదు. ఈ ఒక్క కారణంతో తెలుగు పరిశోధకులకు ఫైర్‌ఫాక్స్ మెరుగైనదని చెప్పవచ్చు.

కంటికి సరిగా కనిపించినదంతా సరైన పాఠం కాదు. అను ఫాంట్లతో కూర్చిన పీడీఎఫ్ వ్యాసం ఏ బ్రౌజరులోనైనా ముచ్చటగానే కనిపిస్తుంది. కాని అందులో ‘కొల్లేరు’ అని వెదికితే ఒక్క ఫలితమూ రాదు. గ్రంథచౌర్యాన్ని పరిశీలించే సాఫ్ట్‌వేర్‌కు కూడా ఆ వ్యాసం తెలుగుగా కనిపించదు. అందులోంచి తీసిన వాక్యాన్ని ఎవరు వాడుకున్నా పట్టుబడదు. రాసినవారికి దక్కవలసిన ఉల్లేఖన కూడా యంత్రాల లెక్కకు అందదు. అందువల్ల ఏ పుటనైనా ఉదాహరించే ముందు ఒక వాక్యాన్ని ప్రతి తీసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడాలి. అక్కడ తెలుగుగా నిలిస్తే కోడు సరైనదే. లాటిన్ అక్షరాలుగా మారితే, పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి, మూలంతో అక్షరం అక్షరం సరిచూసుకున్న తరువాతనే సిద్ధాంతగ్రంథంలోకి తీసుకోవాలి. మార్పిడి సాధనాలు ఒత్తుల దగ్గరే ఎక్కువగా తడబడతాయి.