అతుకు పట్టుందో లేదో ఎలా తెలుస్తుంది?

అబుదాబి పక్కనున్న ముసఫ్ఫాలో ఓడల యార్డు ఉంది, వర్క్‌షాపులకైతే లెక్కే లేదు. ఫైబర్‌గ్లాస్ పడవకు పగులొస్తే బోల్టు బిగించడం కంటే అతికించడమే మేలు. ఎందుకంటే బోల్టు కోసం వేసే రంధ్రం మరో బలహీనత. దెబ్బతిన్న పొరలను అరగదీసి, ఎపాక్సీ అనే జిగురుతో కొత్తవి అతికిస్తారు.

పైకి అంతా నున్నగానే ఉంటుంది. లోపల జిగురు పట్టిందా? అది చెప్పేది స్ట్రెయిన్ గేజ్: తపాలా బిళ్ల కంటే చిన్న ప్లాస్టిక్ పొర మీద మెలికలు తిరిగిన లోహపు గీత. దీన్ని 1938లో అమెరికాలో సిమన్స్, రూజ్ ఎవరికి వారే కనిపెట్టారు. అతికించిన చోటు సాగితే గీతా సాగుతుంది, దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఎంతంటారా? మీటరుకు ఒక మిల్లీమీటరు చొప్పున సాగితే, 120 ఓమ్‌ల గేజ్‌లో దాదాపు 0.24 ఓమ్! ఇంత చిన్న తేడాను పట్టుకోవడానికే వీట్‌స్టన్ బ్రిడ్జ్ అనే విద్యుత్ వలయం.

అతుకు అంచుల దగ్గరే జిగురు మీద ఒత్తిడి ఎక్కువ. గేజ్‌ను అక్కడ పెడతారు. జిగురు ఊడితే బరువు అతుకులోకి చేరదు, రీడింగ్ పడిపోతుంది. తగ్గింది కదా అని సంబరపడకూడదు, ఇక్కడ తగ్గడమే ప్రమాదం.

ఎండకూ రీడింగ్ మారుతుంది, ముసఫ్ఫా ఎండ సంగతి చెప్పాలా! అందుకే అదే పదార్థపు విడి ముక్కకు ఇంకో గేజ్ అంటించి, బరువు పడకుండా పక్కనే ఉంచి, బ్రిడ్జ్‌లో పక్క భుజంగా కలుపుతారు. వేడి వల్ల వచ్చే మార్పు రెండింటిలోనూ ఒకటే కాబట్టి చెల్లుకు చెల్లవుతుంది.