మద్యం – మన దేహం – వైద్యుని ముందు పది ప్రశ్నలు

కొన్నేళ్ళ క్రితం ఒక డిగ్రీ కళాశాలలో ఆల్కహాళ్ళ గురించి పాఠం చెప్పి బయటికి వస్తుంటే, ఒక విద్యార్థిని నా వెనకే వరండాలోకి వచ్చింది. పాఠంలో ఏదో సందేహం అడుగుతుందనుకున్నాను. "సార్, రోజూ ఎంత తాగితే దాన్ని జబ్బు అంటారు?" అని అడిగింది. కాసేపాగి, "మా నాన్నగారు రోజూ రాత్రి ఒక క్వార్టర్ తాగుతారు. ఎప్పుడూ తూలి పడలేదు, ఉద్యోగానికి నాగా పెట్టలేదు. అమ్మ మాత్రం రోజూ బెంగపడుతూనే ఉంటుంది" అంది. ఇథైల్ ఆల్కహాలు అణునిర్మాణం అప్పుడే బోర్డు మీద గీసి వచ్చిన నా దగ్గర ఆ ప్రశ్నకు సమాధానం లేదు. తరువాత చదివాను, వైద్యులను అడిగాను. అలా తెలుసుకున్నదే ఈ పాఠంలో మీతో పంచుకుంటున్నాను.

ఈ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ ఆధ్వర్యంలో జరిగి, 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వారిలో 5 కోట్ల 70 లక్షల మందికి పైగా, మద్యం వల్ల కలిగిన సమస్యకు సహాయం అవసరమైన స్థితిలో ఉన్నారు. మద్యానికి పూర్తిగా బానిసలైన వారిలో ప్రతి 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందామని చెప్పారు. మిగిలిన 37 మంది ఎందుకు వెళ్ళలేదు? కారణాలు చాలా ఉంటాయి. వాటిలో ఒకటి, 'నేను తాగుబోతును కాదు కదా' అన్న నమ్మకం. ఆ నమ్మకం నిజమో కాదో ఊహతో తేల్చుకోనక్కర లేదు. కొలిచి చూడవచ్చు.

ముందుగా లెక్క

కొలత మొదలయ్యేది సీసా దగ్గర. 10 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాలును ఒక యూనిట్ అనుకుందాం. మన దేశంలో దొరికే విస్కీ, బ్రాందీ, రమ్ముల్లో సాధారణంగా నూటికి 42.8 పాళ్ళు ఆల్కహాలు ఉంటుంది. కాబట్టి 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గు ఒక యూనిట్. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గు రెండు యూనిట్లు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ ఆరు యూనిట్లు.

బీరు సంగతి చూడండి. 'బీరే కదా' అంటారు. 650 మిల్లీలీటర్ల సీసాలో నూటికి 5 పాళ్ళు ఆల్కహాలుంటే అది రెండున్నర యూనిట్లు. 8 పాళ్ళుండే స్ట్రాంగ్ బీరైతే నాలుగు యూనిట్లు. అంటే ఒక్క స్ట్రాంగ్ బీరు రెండు పెద్ద పెగ్గులతో సమానం. కల్లు, నాటుసారా బలం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది గనుక వాటి లెక్క ఇంత కచ్చితంగా కట్టలేము.

తాగిన ఆల్కహాలులో అధిక భాగాన్ని మార్చి బయటికి పంపేది కాలేయం. అది గంటకు ఇంచుమించు 7 నుంచి 10 గ్రాములే చేయగలదు. మజ్జిగ తాగినా, చన్నీళ్ళతో స్నానం చేసినా, కాఫీ తాగినా ఆ వేగం పెరగదు. రాత్రి 10 గంటలకు క్వార్టర్ ముగించిన మనిషి రక్తంలో తెల్లవారి బండి తీసే వేళకు కూడా ఆల్కహాలు మిగిలి ఉండవచ్చు. మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల వరకే అనుమతిస్తుంది.

దేహంలో ఏం జరుగుతుంది?

కాలేయంలో ఒక ఎంజైము ఆల్కహాలును ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఇది విషం. రెండో ఎంజైము దాన్ని ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తుంది. చివరికది నీరు, బొగ్గుపులుసు వాయువు అవుతుంది. ఈ పని ఏళ్ళ తరబడి రోజూ చేయవలసి వస్తే మొదట కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. తరువాత వాపు రావచ్చు. ఆ తరువాత మెత్తటి కణజాలం పోయి మచ్చలు కట్టి గట్టిపడుతుంది. దీన్నే సిర్రోసిస్ అంటారు. పొట్టలో నీరు చేరడం, కళ్ళు పచ్చబడడం, రక్తపు వాంతులు ఈ దశలో కనిపిస్తాయి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. కాలేయం లోపలి కణజాలానికి నొప్పి తెలియదు. కొవ్వు చేరే దశలో చాలామందికి ఏ బాధా ఉండదు. కానీ మద్యం మానితే కొన్ని వారాల్లోనే తగ్గిపోయే దశ అదే. బాధ తెలిసే నాటికి తిరిగి వచ్చే దారి ఇరుకవుతుంది.

నష్టం కాలేయంతో ఆగదు. రక్తపోటు పెరుగుతుంది, గుండె కండరం బలహీనపడవచ్చు. క్లోమం వాచి భరించలేని కడుపునొప్పి వస్తుంది. బి1 విటమిన్ కొరవడి నరాలు, జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి. గర్భిణి తాగితే శిశువు మెదడు ఎదుగుదలకు హాని. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, స్త్రీలలో రొమ్ము – ఈ భాగాల్లో క్యాన్సర్‌కు మద్యం కారణమవుతుందని నిర్ధారణ అయింది. ఇంత తాగితే ప్రమాదం లేదు అని చెప్పదగిన పరిమాణం ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది.

పది ప్రశ్నలు

ఇప్పుడు కొలత దగ్గరికి వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 'ఆడిట్' అనే ప్రశ్నావళిని తయారుచేసి 1989లో తొలిసారి ప్రచురించింది. ఇందులో పది ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి సున్నా నుంచి 4 వరకు మార్కులు. మొత్తం 40. మొదటి మూడు ప్రశ్నలు ఎన్నాళ్ళకోసారి, ఎంత, ఒక్కసారే ఎక్కువగా తాగడం ఎంత తరచు అని అడుగుతాయి. తరువాతి మూడు అదుపు గురించి: మొదలుపెట్టాక ఆపలేకపోవడం, చేయవలసిన పనులు చెడడం, పొద్దున్నే తాగితే గానీ కుదుటపడకపోవడం. చివరి నాలుగు హాని గురించి: తాగినందుకు మనసు పీకడం, రాత్రి జరిగింది గుర్తుండకపోవడం, ఎవరికైనా దెబ్బలు తగలడం, తగ్గించమని అయినవారు గానీ వైద్యుడు గానీ చెప్పడం.

మనం కళాశాల వరండాలో విన్న ఆ తండ్రికి మార్కులు వేద్దాం. రోజూ తాగుతారు: 4. ఆరు యూనిట్లు: 2. ఒక్కసారే ఆరు లేదా అంతకు మించి తాగేది రోజూ: 4. మూడు ప్రశ్నలకే 10 వచ్చాయి. భార్య బెంగ ఈ ఏడాదిదే గనుక చివరి ప్రశ్నకు 4. మొత్తం 14. ఆయన తూలలేదు, ఉద్యోగం పోలేదు. అయినా లెక్క ఇది. మిగిలిన ఆరింటిలో ఒక్కదానికి 'నెలకోసారి' అన్నా 16 అవుతుంది.

8 గాని ఆపైన గాని వస్తే ప్రమాదకరమైన తాగుడు, సలహా అవసరం. 16 నుంచి 19 వరకు కౌన్సెలింగ్, తరచు పరిశీలన కావాలి. 20 గాని ఆపైన గాని వస్తే నిపుణుడు పూర్తిగా పరీక్షించాలి. మార్కులే రోగ నిర్ధారణ కాదు. జ్వరం చూసే థర్మామీటరు టైఫాయిడో మలేరియానో చెప్పదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలా వద్దా చెబుతుంది. ఇదీ అంతే.

ఆ పదో ప్రశ్నను గమనించారా? ఇంట్లోవాళ్ళ మాటకు వైద్యశాస్త్రం మార్కులు వేసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారా దుకాణానికి ఎదురు తిరిగినప్పుడు వారి చేతిలో ఏ ప్రశ్నావళీ లేదు. ఇంట్లో వారు చూస్తున్నదే వారికి కొలత.

వైద్యుడు ఇంకేం చూస్తాడు?

పూర్తి పరీక్షకు వెళ్ళినప్పుడు వైద్యుడు ఎప్పటినుంచి తాగుతున్నారు, చివరిసారి ఎప్పుడు తాగారు, గతంలో మానినప్పుడు ఏమైంది, పొగాకు, నిద్రమాత్రల వంటివి ఉన్నాయా అని అడుగుతాడు. నిద్ర, దిగులు, ఆత్మహత్య ఆలోచనల గురించి కూడా అడుగుతాడు. దిగులు వల్ల తాగుడు, తాగుడు వల్ల దిగులు పెరగడం మామూలే కాబట్టి రెండింటికీ వైద్యం కావాలి. చేతుల వణుకు, కళ్ళ రంగు, పొట్ట, రక్తపోటు చూస్తాడు. కాలేయానికి సంబంధించిన రక్తపరీక్షలు, అవసరమైతే అల్ట్రాసౌండ్ రాస్తాడు. రిపోర్టు బాగుందంటే తాగుడు సమస్య లేదని అర్థం కాదు. అదుపు తప్పిందా లేదా అన్నది రక్తంలో కనిపించదు, నిజాయితీగా చెప్పిన జవాబుల్లోనే తెలుస్తుంది.

అందుకే వెళ్ళే ముందు ఒక వారం పాటు ఏ రోజు ఎంత తాగారో కాగితం మీద రాసుకోండి. వాడుతున్న మందుల చీటీలు తీసుకెళ్ళండి. మీరు చెప్పిన వివరాలను గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్యుల బాధ్యత.

ఉన్నట్టుండి మానవచ్చా?

ఈ పాఠంలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు వైద్య సహాయం లేకుండా ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం కలగవచ్చు. ఆల్కహాలు మెదడును రోజూ అణచిపెడుతుంటే, మెదడు ఎదురు తిరిగి తన వేగం పెంచుకుంటుంది. అణచేది హఠాత్తుగా పోతే ఆ వేగం మాత్రం మిగులుతుంది. కొన్ని గంటల్లో వణుకు, చెమటలు, గాభరా మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనబడి, జ్వరం, గుండెదడ పెరుగుతాయి. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. ఇది అత్యవసర స్థితి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ముందే వైద్యుడి పర్యవేక్షణ ఉంటే మందులతో, బి1 విటమిన్‌తో ఈ రోజులు భద్రంగా గడుస్తాయి. 'నేను మానితే నాకు వణుకు వస్తుంది' అని చెప్పడం అందుకే ముఖ్యం. అది సిగ్గుపడవలసిన మాట కాదు.

మరో ప్రమాదం. కొందరు ఇంట్లోవాళ్ళు భర్తకు తెలియకుండా కూరలో మాత్ర గాని, పొడి గాని కలుపుతారు. డైసల్ఫిరామ్ అనే మందు పైన చెప్పిన రెండో ఎంజైమును అడ్డుకుంటుంది. దాని మీద తాగితే ఎసిటాల్డిహైడ్ పేరుకుపోయి ముఖం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. ప్రాణమూ పోవచ్చు. దాన్ని రోగికి తెలిసి, ఒప్పుకున్నాక, వైద్యుడే ఇవ్వాలి. కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు కూడా ఉన్నాయి. అవీ వైద్యుడి సలహాతోనే.

ఎక్కడికి వెళ్ళాలి?

జిల్లా ఆసుపత్రి గాని, వైద్య కళాశాల ఆసుపత్రి గాని, అక్కడి మానసిక వైద్య విభాగంలో ఈ పరీక్ష చేస్తారు. హైదరాబాదు ఎర్రగడ్డ, విశాఖపట్నంలలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. మద్యం, మత్తు పదార్థాలు మానాలనుకునేవారి కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14446. మానసిక ఆరోగ్యానికి 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416. ఇందులో తెలుగులో మాట్లాడవచ్చు. ప్రైవేటు కేంద్రంలో చేర్చే ముందు రిజిస్ట్రేషన్ ఉందా, వైద్యుడు ఉంటాడా అని అడగండి. గొలుసులతో కట్టడం చట్టరీత్యా నేరం. అలాంటి చోటు చికిత్సాలయం కాదు.

ఇంట్లోవారికి ఒక మాట. తాగి ఉన్నప్పుడు నిలదీయకండి. పొద్దున మనిషి తేరుకున్నాక, "బి.పి. చూపించుకుందాం రండి, తాగుడు సంగతి కూడా డాక్టరు గారితో చెబుదాం" అనండి. ఆ విద్యార్థిని మళ్ళీ కనిపిస్తే నేను ఆమెకు చెప్పేది ఇదే. ఎంత తాగితే జబ్బు అన్నదానికి ఒకే అంకె లేదు తల్లీ. కానీ పది ప్రశ్నలున్నాయి. మీ నాన్నగారు మొదటి నాలుగింటికి నిజం చెబితే చాలు, మిగిలిన దారి వైద్యుడు చూపిస్తాడు.