ఘాట్ దిగుటకు ముందే జీపు బ్రేకును పరీక్షింపుడు

రాయచోటి నుండి కడపకు పోవు మార్గమున, గువ్వలచెరువు దాటిన పిమ్మట పాలకొండల నడుమ మెలికలు తిరుగుచు దిగు ఘాట్‌రోడ్డు చోదకుని నేర్పునకే గాక అతని వాహనపు బ్రేకులకును కఠినమైన పరీక్ష. ఈ సీమలోని జీపులు తారురోడ్డు విడిచి, ఎండిన ఏటి యిసుకలోను, మామిడితోటల గతుకు బాటలలోను, వానకాలమున వంకల నీటిలోను తిరిగి, ఆ దుమ్మును బురదను చక్రముల లోపల మోసికొనియే ఘాట్ దిగుచుండును. కావున జీపు నడుపువారు బ్రేకు తత్త్వమును కొంతయైన నెఱిగియుండుట ఆవశ్యకము.

మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకును తగ్గక ప్రసరించునని 17వ శతాబ్దమున ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ తెలిపిన సూత్రమే ఈ బ్రేకునకు మూలము. పెడల్ నొక్కగనే మాస్టర్ సిలిండర్‌లోని బ్రేకు ఆయిల్ ఆ ఒత్తిడిని గొట్టముల ద్వారా వీల్ సిలిండర్లకు చేర్పగా, అవి షూలను వెలుపలికి త్రోయును. షూలకంటించిన లైనర్ డ్రమ్మును ఒరసి వేగమును వేడిగా మార్చును. పాత జీపులలో నాలుగు చక్రములకును ఆయిల్ మార్గ మొక్కటియే గనుక, ఒక్కచోట తీవ్రముగా కారినను నాలుగు బ్రేకులును ఒక్కమారే పోవును.

అయినను బ్రేకు ముందుగా సూచన యీయక చెడుట అరుదు. బండిని చదునైన నేలపై నిలిపి పెడల్‌ను గట్టిగా అదిమి చూడవలెను. అది మెత్తగా లోనికి పోయినచో గొట్టములలో గాలి చేరినదని తలంపవచ్చును. అదిమిపట్టియుండగనే మెల్లమెల్లగా దిగుచు, వెలుపల ఎచ్చటను తడి కానరానిచో, మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు వాషర్లు చెడినవని అనుమానింపవలెను. రెండుమూడు మార్లు కొట్టినగాని పట్టనిచో లైనర్ అరిగి డ్రమ్మునకు దూరమైయుండును; అడ్జస్టరు త్రిప్పి సరిచేయవచ్చును. బ్రేకు వేసినప్పుడు బండి ఒకప్రక్కకు లాగినచో, ఒక చక్రపు లైనర్‌కు ఆయిల్ అంటియుండుటయో, వీల్ సిలిండర్ బిగిసియుండుటయో సామాన్య కారణము.

నిశ్చయమునకై డ్రమ్ము విప్పవలెను. మిగిలిన చక్రములకు రాళ్లడ్డము పెట్టి, జాకీతో ఎత్తి, స్టాండుపై నిలిపిన పిదపనే పని మొదలిడవలెను. పాత లైనర్ల దుమ్ములో ఊపిరితిత్తులకు చేటుచేయు ఆస్‌బెస్టాస్ ఉండవచ్చును గనుక, దానిని ఊదక, తడిగుడ్డతో తుడువవలెను. వీల్ సిలిండర్ కొననున్న రబ్బరు తొడుగును మెల్లగా ఎత్తిచూచినప్పుడు లోపల తడిగా నున్నచో అది బ్రేకు ఆయిల్ కారుటయే. డ్రమ్ములో చిక్కని నల్లని జిడ్డు కానవచ్చినచో యాక్సిల్ ఆయిల్ సీలు చెడియుండును. ఆయిల్ పీల్చిన లైనర్‌ను పెట్రోలుతో కడిగి మరల బిగించుట ప్రమాదకరము. రెండు ప్రక్కలను క్రొత్తవి వేయవలెను.

గొట్టములలో చేరిన గాలిని తీయునప్పుడు సాధారణముగా మాస్టర్ సిలిండర్‌కు దూరమైన చక్రముతో ఆరంభింతురు. ఒకడు పెడల్ అదుముచుండగా మఱియొకడు వీల్ సిలిండర్‌కున్న గాలి వదలు నిపిల్‌ను వదలుచేసి, పెడల్ పైకి రాకమునుపే బిగించుచు, బుడగలు ఆగువరకు చేయవలెను. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొనును. క్రొత్త డాట్ 3 రకపు బ్రేకు ఆయిల్ కనీసము 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరుగకుండ నిలువవలెనని నియమము; తేమ చేరినపిదప ఆ హద్దు 140 మాత్రమే. ఘాట్‌లో ఎడతెగక బ్రేకు త్రొక్కినచో ఆ ఆయిల్ మరిగి ఆవిరికాగా, పెడల్ ఒత్తిడి వృథాయగును. కావున తక్కువ గేరులోనే దిగవలెను. చిరకాలము తెరచియున్న డబ్బాలోని ఆయిల్ వాడరాదు. ఇంజన్ ఆయిల్ రబ్బరును చెఱచును గనుక ఎన్నడును పోయరాదు.

లైనర్ అరిగినకొలది ఆయిల్ కొంచెము దిగుట సహజమే గాని, మాటిమాటికి పోయవలసివచ్చినచో ఎచ్చటనో కారుచున్నదని యర్థము. పోసికొనుచు కాలము గడపుట మరమ్మతు కానేరదు. కూలికిపోవు స్త్రీలను, బడికిపోవు పిల్లలను ఎక్కించుకొను జీపు యజమాని, ఆ కారుచోటు కనుగొని బాగుచేయించునంతవరకు దానిని ఘాట్‌రోడ్డు దరికి పోనీయరాదు.