మార్కులు వాళ్లే వేస్తారు!
‘మావాడు పెరుగన్నం, ఆలూ వేపుడు తప్ప ఇంకేమీ ముట్టడు’... చాలామంది అమ్మల బెంగ ఇదే. బలవంతంగా కుక్కితే ఆ కూరంటేనే పిల్లలకు విసుగొస్తుంది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌వాసులకైతే సరూర్‌నగర్ రైతుబజారు దగ్గరే. ఈసారి పిల్లల్నీ వెంట తీసుకెళ్లండి. ఇంతవరకూ తినని కూరగాయ ఒకటి వాళ్లనే ఎంచుకోనివ్వండి. బీట్‌రూటో, బోడకాకరో... ఏదైనా సరే! వండాక ఒక్క ముక్క రుచి చూసి, రంగుకీ వాసనకీ రుచికీ పదికెన్ని మార్కులో నోటుబుక్కులో రాయమనండి. సున్నా వేసినా కోప్పడొద్దు. కొత్త రుచి నచ్చడానికి 8 నుంచి 15 సార్లు పట్టొచ్చంటారు నిపుణులు. పెద్దవాళ్లేమో 3, 4 సార్లకే వదిలేస్తుంటారు. వారం ఆగి దాన్నే పప్పులో వేసి మళ్లీ మార్కులడగండి. సున్నా కాస్తా రెండైతే దారిలో పడ్డట్టే! బరువు తగ్గుతుంటే మాత్రం పిల్లల డాక్టరుకు చూపించాలి.