పాట కట్టే పిల్లలు - ముద్ర కాపాడే పెద్దలు

మన ఇళ్లలో పిల్లలు పాడితే మురిసిపోతాం. చుట్టాలు వస్తే చాలు, "ఒక పాట పాడమ్మా" అని ముందుకు తోస్తాం. ఆ పిల్ల సినిమా పాటో, త్యాగరాజ కృతో పాడితే చప్పట్లు కొడతాం. అదే పిల్ల "ఇది నేనే రాసి, నేనే వరుస కట్టిన పాట" అంటే మాత్రం ఏమనాలో మనకు తోచదు. "బాగుంది గానీ, ముందు పరీక్షలు కానివ్వు" అనేస్తాం. అలాంటి పిల్లల విషయంలో పెద్దలు చేయవలసిన పని ఏమిటా అని ఈ మధ్య నేను చాలా ఆలోచించాను. ఆ నాలుగు మాటలూ మన పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

తానే రాసి, తానే స్వరపరచి, తానే పాడేవారిని మన పెద్దలు వాగ్గేయకారులన్నారు. చిన్న వయసు వాగ్గేయకారుడు అనగానే డాక్టర్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు గుర్తుకు రాక తప్పదు. ఆయన 1930 జూలై 6న నాటి తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో పుట్టారు. తల్లి సూర్యకాంతమ్మ గారు వీణ వాయించేవారు. బిడ్డ పసికందుగా ఉండగానే ఆమె కన్నుమూశారు. సంగీతజ్ఞుడైన తండ్రి పట్టాభిరామయ్య గారు కొడుకు గొంతును గుర్తించి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర శిష్యుడిగా చేర్చారు. పంతులు గారిది త్యాగరాజ స్వామి శిష్యపరంపర.

ఎనిమిదేళ్ల వయసులో విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో ఆయన పూర్తి కచేరీ చేశారు. ఆ పిల్లవాడి విద్య చూసి, పేరుకు ముందు 'బాల' అని చేర్చినవారు హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ గారు. ఇక పదిహేనేళ్లు వచ్చేనాటికి మొత్తం 72 మేళకర్త రాగాల్లోనూ ఆయన సొంతంగా కృతులు కట్టారు. ఈ 72లో 40 రాగాలు వివాది స్వరాలున్నవి. పేరున్న విద్వాంసులు కూడా వాటి జోలికి వెళ్లడానికి వెనుకాడేవారు. మీసాలు రాని కుర్రవాడు వాటన్నిటికీ సాహిత్యం, స్వరం సమకూర్చాడంటే మాటలా!

అయితే ఆ కృతులు పుస్తకంగా అచ్చయింది 1952లో. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్లు. పాట కట్టడానికీ, అది పుస్తకమై లోకంలోకి రావడానికీ మధ్య ఆరేడేళ్లు గడిచాయి. ఆ కాలంలో కచేరీలు, సాధన సాగుతూనే ఉన్నాయి. ఆలస్యం వల్ల పాటకు నష్టమేమీ రాలేదు. తర్వాత మన కర్ణాటకకూ ఆయన దగ్గరివారయ్యారు. 1975లో వచ్చిన కన్నడ చిత్రం 'హంసగీతె'లో పాడినందుకు జాతీయ ఉత్తమ గాయకుడి అవార్డు అందుకున్నారు.

'మాది సంగీతం ఇల్లు కాదు కదా' అని మన చిక్కబళ్లాపురం వైపు వాళ్లు అనవచ్చు. నేను చింతామణిలో పెరిగినదాన్ని. అక్కడికి దగ్గరే ఉన్న కైవారం తాతయ్య గారి సంగతి మనకు తెలియనిదా? యోగి నారేయణ గారు గాజుల మలారం మోసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్న మనిషి. తెలుగులోనూ కన్నడంలోనూ, ఈ నేల మీద జనం మాట్లాడుకునే మాటలతోనే కీర్తనలు కట్టారు. వాటిలో 'అమరనారేయణ' అన్న ముద్ర వేశారు. ఇవాళ గురుపూర్ణిమకు కైవారంలో సంగీతోత్సవం జరుగుతుంది. ఎక్కడెక్కడి విద్వాంసులో వచ్చి పాడతారు.

ఆ ముద్ర అన్న మాట దగ్గర కాసేపు ఆగుదాం. అన్నమయ్యకు వేంకటేశుడి పేరు, క్షేత్రయ్యకు మువ్వగోపాలుడి పేరు, త్యాగయ్యకు తన పేరే ముద్ర. పాట నోళ్లలో పడి వంద ఊళ్లు తిరిగినా, ఇది ఫలానా వారిదని చెప్పేది ఆ ఒక్క మాటే. ఇప్పటి పిల్లల పాటలకు ఆ కాపలా ఎవరు?

బాగేపల్లిలో మా బంధువుల అమ్మాయి ఒకతె ఉంది. పదహారేళ్లది. గిటారు వాయిస్తూ సొంత పాటలు పాడుతుంది. ఆమె నోటుబుక్కు తెరిచి చూస్తే మాటలన్నీ తెలుగు, అక్షరాలన్నీ కన్నడం. "అత్తా, నాకు తెలుగు మాట్లాడేది వస్తుంది, రాసేది రాదు" అంది నవ్వుతూ. పాట మాత్రం అచ్చంగా మా ఊరి తెలుగు. ఫోనులో రికార్డు చేసి పెట్టిన ఆ పాటలు విని ఒక కంపెనీవారు వాళ్ల నాన్నకు ఒప్పందం కాగితాలు పంపారు. ఒక్కసారి కొంత డబ్బు ఇస్తారట. పాటల మీద సర్వహక్కులూ శాశ్వతంగా వారివేనట. ఇకపై రాసేవి కూడా మూడేళ్లపాటు వారికే ఇవ్వాలట. తండ్రి సంబరంగా కలం తీశాడు. నేను ఆపించి, తెలిసిన వకీలు గారికి చూపించమన్నాను.

అప్పుడు తెలుసుకున్న సంగతులు ప్రతి ఇంటికీ పనికొస్తాయి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివారు ఒప్పందం చేసుకోవడానికి అర్హులు కారు. అలాంటి ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిల్ తీర్పు ఇచ్చింది. అందుకే పెద్దల సంతకం అడుగుతారు. మన సంతకానికి అంత బరువుంది.

పాట కట్టి కాగితం మీద పెట్టిన క్షణం నుంచే దాని కాపీరైటు రాసినవారిది, స్వరపరచినవారిది. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, సాక్ష్యంగా పనికొస్తుంది. హక్కు వారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు చెప్పకపోతే అయిదేళ్లే అని చట్టం. 2012లో వచ్చిన సవరణ ఇంకా మేలు చేసింది. రికార్డింగులో చేరిన పాటకు వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు సమాన వాటా ఉంటుంది. ఆ వాటాను వారసులకో, కాపీరైటు సొసైటీకో తప్ప మరొకరికి రాసివ్వడం కుదరదు. పాటల రచయితలకు, స్వరకర్తలకు 1969 నుంచి ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ అనే సంస్థ ఉంది.

ఆ అమ్మాయి తండ్రి సంతకం చేయలేదు. "వచ్చిన అవకాశం పోగొట్టారు" అని పిల్ల రెండు రోజులు అన్నం దగ్గర అలిగింది. ఆ బాధ చిన్నదని నేననను. కంపెనీవారు మళ్లీ అడగకపోవచ్చు కూడా. కానీ పాటలు ఇంకా ఆమెవే. ఇప్పుడు సాయంత్రాలు ఒక మేష్టారి దగ్గర సరళీ స్వరాల నుంచి నేర్చుకుంటోంది. నా దగ్గర తెలుగు అక్షరాలు దిద్దుకుంటోంది. ఒత్తులు రాసేటప్పుడు కన్నడం కలిసిపోతే ఇద్దరం నవ్వుకుంటాం.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి ఇది. పిల్లలు కట్టిన ప్రతి పాటకూ తేదీ వేయించండి, ఒక ప్రతి ఇంట్లో దాచండి. మంచి గురువును చూడండి. ఏ కాగితం వచ్చినా వకీలు చూశాకే కలం తీయండి. అన్నిటికన్నా ముందు ఆ పాట కూర్చుని వినండి.

మన సంఘం పెద్దలకూ ఒక విన్నపం. ఏటా ఉగాది వేదిక మీద పిల్లల చేత సినిమా పాటలే పాడిస్తున్నాం. వచ్చే ఉగాదికి ఒక అరగంట సొంత పాటలకు కేటాయించండి. పాడే పిల్ల పేరుతో పాటు, రాసిందీ ఆమేనని మైకులో చెప్పండి. మొదటి వరుసలో నేను కూర్చుంటాను.