పట్టా చేతికొచ్చాక మొదటి మూడేళ్లు

"దళితులకు భూమిస్తే ఏం చేసుకుంటారు, వాళ్లకు సేద్యం తెలియదు, రెండేళ్లలో అమ్ముకుంటారు." ఈ మాట ఊరి రచ్చబండ దగ్గరా వినబడుతుంది, మండలాఫీసులోనూ వినబడుతుంది. మరి ఊరి భూములన్నీ దున్నిందెవరు? నాటు వేసింది, కలుపు తీసింది, కుప్ప కొట్టింది, మోట తోలింది ఎవరు? జీతగాళ్లుగా, పాలేర్లుగా, కూలీలుగా మాల మాదిగలే గదా. మట్టిని చేత్తో నలిపి అదును చెప్పగల మనిషికి సేద్యం రాదనడం కన్నా పెద్ద అబద్ధం లేదు.

అయితే పని మనవాళ్ల చేతుల్లో ఉంది గానీ, నిర్ణయం ఎప్పుడూ దొర చేతిలోనే ఉంది. ఏ పంట వెయ్యాలి, అప్పు ఎంత వడ్డీకి తేవాలి, రికార్డులో ఎవరి పేరు ఎక్కింది, గింజ ఎప్పుడు అమ్మాలి, ఇవేవీ జీతగాడికి తెలియనిచ్చేవాళ్లు కాదు. కాబట్టి కొత్తగా భూమి చేతికొచ్చిన దళిత రైతుకు దున్నడం నేర్పే శిక్షణ శిబిరాలు అక్కర్లేదు. కావలసినవి కాగితాల గుట్టు, పెట్టుబడి, మొదటి రెండు మూడేళ్లు ఇల్లు గడిచే దారి.

అంబేద్కర్ 1918లోనే చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాశారు. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాలు లెక్కబెట్టి తేల్చేది కాదనీ, రైతు దగ్గరున్న పశువులు, పనిముట్లు, పెట్టుబడితో పోల్చి చూడాలనీ ఆయన వాదన. ప్రభుత్వ లెక్కలో రెండున్నర ఎకరాల లోపు ఉంటే సన్నకారు రైతు, ఐదెకరాల లోపు ఉంటే చిన్నకారు రైతు. ఆ లెక్కకు ఎద్దులు కనబడవు. అరక లేనివాడికి మూడెకరాలు కూడా ఎక్కువే.

ముందు కాగితాల సంగతి చూద్దాం. ఆంధ్ర ప్రాంతంలో డి-ఫారం పట్టా, తెలంగాణలో లావుణి పట్టా అంటారు. చాలాచోట్ల పట్టా పెట్టెలో ఉంటుంది, భూమి పక్కనున్న మోతుబరి నాగలి కింద ఉంటుంది. అందుకని సర్వేయరు చేత కొలిపించి హద్దురాళ్లు పాతించుకోవడం మొదటి దుక్కి కన్నా ముందు చేయవలసిన పని. నోటిమాటగా అడగొద్దు. దరఖాస్తు రాసిచ్చి రసీదు తీసుకోవాలి. కొలిచేనాడు వాడ నుంచి పదిమంది వెంట ఉండాలి. మనిషి ఒంటరిగా నిలబడితే హద్దు రెండు గజాలు లోపలికి జరుగుతుంది. పొలానికి బండిదారి ఉందా లేదా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. దారి లేని పొలానికి ఎరువు తోలలేం, పంట ఇంటికి తేలేం. చివరికి దారి ఉన్నవాడికే వదిలెయ్యాల్సి వస్తుంది.

1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టంలో రెండు సంగతులు మనవాళ్లకు ఎవరూ చెప్పరు. మొదటిది, అమ్మకం ఒక్కటే కాదు, కౌలుకివ్వడం, వడ్డీ వ్యాపారికి తాకట్టు పెట్టడం కూడా ఆ చట్టం దృష్టిలో బదిలీయే. స్టాంపు కాగితం రాయించుకున్నా అవతలివాడికి హక్కు రాదు. అధికారులు ఆ భూమిని స్వాధీనం చేసుకుని అసలు పట్టాదారుకో, వారసులకో తిరిగి ఇవ్వవచ్చు. కానీ ఒక్కసారే. మళ్లీ చెయ్యి జారితే భూమి ప్రభుత్వానికి పోతుంది. రెండోది, బ్యాంకులో, సహకార సంఘంలో పెట్టే తాకట్టుకు ఈ నిషేధం వర్తించదు. "అసైన్డ్ భూమి మీద అప్పు ఇవ్వం" అని బ్యాంకు మేనేజరు అంటే ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడగాలి. పైగా రెండు లక్షల రూపాయల దాకా వ్యవసాయ రుణానికి తాకట్టు అడగొద్దని రిజర్వు బ్యాంకు ఆదేశం 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2023లో చట్టాన్ని సవరించి, ఇరవై ఏళ్లు నిండిన అసైన్డ్ సాగుభూములను అమ్ముకునే హక్కు అసలు పట్టాదార్లకు ఇచ్చారు. ఇది గెలుపని కొందరు మిత్రులంటున్నారు. మాకు మాత్రం భయమే ఎక్కువ. అప్పులో ఉన్నవాడికి అమ్ముకునే హక్కు వచ్చిందంటే కొనేవాడు అప్పటికే గుమ్మంలో కూర్చుని ఉంటాడు.

ఇక నేల. మనకొచ్చేది ఎక్కువగా ఊరు వద్దనుకున్న భూమే. గుట్ట వాలు, రాళ్లు, ఎర్ర గరప. అట్లాంటి నేలను సాగులోకి తెచ్చినవాళ్లు జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేసిన దళిత స్త్రీల సంఘాలవి. రాళ్లు ఏరారు, గట్లు పోశారు, జొన్న, కంది, కొర్ర, సామ కలిపి విత్తారు. విత్తనం ఇంట్లోనే దాచుకున్నారు. గింజను అప్పుగా ఇచ్చి గింజగానే తిరిగి తీసుకునే ఏర్పాటు చేసుకున్నారు. 2019లో వీళ్ల సంస్థకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. బహుమతి సంగతెట్లా ఉన్నా, మనం నేర్చుకోవలసింది వాళ్ల పని వరస. ముందు వాలుకు అడ్డంగా గట్టు, అదీ ఏరిన రాళ్లతోనే. ఎండాకాలంలో చెరువు మట్టి, పెంట. ఆ తర్వాతే విత్తనం.

కలిపి ఎందుకు విత్తాలంటే, పెసర రెండు నెలల పైచిలుకులో చేతికొస్తుంది, కొర్ర మూడు నెలల్లో, జొన్న ఆ వెనక. కంది చలికాలం దాకా నిలిచి నాలుగు డబ్బులు తెస్తుంది, దాని వేరు బుడిపెలు నేలకు నత్రజనినీ ఇస్తాయి. ఒక పంట పోయినా ఇంకొకటి మిగులుతుంది. కొత్తగా తెగ్గొట్టిన గరప నేలలో మొదటి ఏడే పత్తి పెట్టడం మాత్రం జూదం. విత్తనం, మందులు అరువిచ్చిన దుకాణందారే పత్తి కూడా కొంటాడు, ధర అతనే చెబుతాడు.

అన్నిటికన్నా కష్టమైనది కూలి సంగతి. ఆలుమగలిద్దరూ సొంత పొలంలో గట్లు పోస్తుంటే ఆ రోజుల కూలి పోతుంది. పంటేమో ఆర్నెల్లకు గానీ రాదు. భూమి దొర చేతికి తిరిగి పోయేది చాలావరకు ఈ సందులోంచే, సోమరితనం వల్ల కాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద దళితుల సొంత భూముల్లో చేసుకున్న పనికి కూడా కూలి ఇచ్చే వీలు కలిగింది. మాకు తెలిసినంతలో అంతకన్నా తెలివైన సాయం లేదు. 2014 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన మూడెకరాల పథకంలోనూ భూమితోపాటు నీళ్లు, మొదటి పంట ఖర్చు ఇస్తామన్నారు. ఆలోచన సరైనదే, భూమి అందిన ఇళ్లే తక్కువ.

అరక సంగతి ఒకటి మిగిలింది. తొలకరి పడ్డనాడు అందరికీ ఒకేసారి ట్రాక్టరు కావాలి. ఊళ్లోవాళ్ల పొలాలన్నీ అయ్యాకే అది వాడవాళ్ల పొలాలవైపు తిరుగుతుంది, అప్పటికి అదును పోతుంది. అందుకే మూడు నాలుగు ఇళ్లు కలిసి ఒక జత ఎద్దుల్ని పొత్తులో కొనుక్కోమని మేము చెప్పేది. మేత ఎవరు వెయ్యాలి, అరక ముందు ఎవరి చేలో దిగాలి అన్నది మాత్రం మృగశిరకు ముందే, నలుగురి ఎదుట మాట్లాడుకోవాలి.