గుండె కొట్టుకుంటున్నా మరణమేనా?
బ్రెయిన్ డెత్: అపోహలు – వాస్తవాలు

ఒళ్లు వెచ్చగా ఉంటుంది. ఛాతీ పైకీ కిందికీ కదులుతుంటుంది. మానిటర్ మీద గుండె లయ కనిపిస్తూనే ఉంటుంది. అలాంటి మనిషిని చూపించి ‘బ్రెయిన్ డెడ్’ అని డాక్టర్లు చెబితే ఏ కుటుంబమైనా వెంటనే నమ్మలేదు. ఆ అనుమానం సహజం. వెంటిలేటర్ రాకముందు ఊపిరి, గుండె, మెదడు నిమిషాల తేడాతో ఆగిపోయేవి. వాటిని విడదీసింది యంత్రమే. దాంతో మరణాన్ని గుర్తించే పద్ధతీ మారక తప్పలేదు.

అపోహ: అవయవాల కోసమే బ్రెయిన్ డెత్‌ను సృష్టించారు.

వాస్తవం: 1952లో కోపెన్‌హేగెన్‌ను పోలియో కుదిపేసింది. మత్తు వైద్యుడు బియోర్న్ ఇబ్సెన్ రోగుల గొంతు దగ్గర రంధ్రం చేసి, శ్వాసనాళంలోకి గొట్టం వేయించారు. వైద్య విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్లు చేత్తో సంచి నొక్కుతూ ఊపిరి అందించారు. ఆ తర్వాత వెంటిలేటర్లు విస్తరించి ఎందరినో బతికించాయి. మెదడు పూర్తిగా దెబ్బతిన్నవారి గుండె కూడా వాటి సాయంతో కొట్టుకుంటూనే ఉండటాన్ని వైద్యులు గమనించారు. పారిస్ వైద్యులు మొల్లారే, గూలాన్ 1959లోనే ఈ స్థితిని వివరించారు. తొలి గుండె మార్పిడి జరిగింది 1967లో. బ్రెయిన్ డెత్‌ను నిర్వచించిన 1968 నాటి హార్వర్డ్ కమిటీ నివేదికలో అవయవ మార్పిడి ప్రస్తావన ఉన్న మాట నిజమే. కానీ అసలు ప్రశ్న అంతకుముందే ఐసీయూలో పుట్టింది.

అపోహ: గుండె ఆడుతుంటే ప్రాణం ఉన్నట్టే.

వాస్తవం: గుండె తన లయను తానే పుట్టించుకుంటుంది. ఆక్సిజన్ అందుతున్నంతసేపూ మెదడు ఆజ్ఞ లేకున్నా కొట్టుకోగలదు. ఊపిరి అలా కాదు, దానికి మెదడు కాండం (బ్రెయిన్ స్టెమ్) నుంచి ఆజ్ఞ రావాలి. బ్రెయిన్ డెత్‌లో ఛాతీని కదిలించేది యంత్రమే.

అపోహ: కోమా నుంచి లేచినట్టే ఇందులోంచీ లేస్తారు.

వాస్తవం: కోమాలో మెదడు కొంతైనా పనిచేస్తుంది, కోలుకునే అవకాశం ఉండొచ్చు. 1973లో దాడికి గురైన ముంబై నర్సు ఒకరు 2015 వరకు అచేతనంగా మంచంపైనే ఉన్నారు. వెంటిలేటర్ లేకుండానే ఏళ్ల తరబడి ఊపిరి తీసుకున్నారు. ఆమెది బ్రెయిన్ డెత్ కాదు. పద్ధతి ప్రకారం నిర్ధారించిన బ్రెయిన్ డెత్ నుంచి తిరిగి రావడం ఉండదు.

అపోహ: స్కాన్ చూసి ఒక డాక్టరు తేల్చేస్తారు.

వాస్తవం: మన దేశంలో 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యులు నిర్ధారించాలి. మార్పిడి బృందంలోని వారు అందులో ఉండకూడదు. ముందుగా మత్తుమందుల ప్రభావం, ఒంటి చల్లదనం ఈ స్థితికి కారణం కావని తేల్చుకుంటారు. కంటిపాపపై వెలుతురు వేస్తారు. కంటి నల్లగుడ్డును దూదితో తాకుతారు. చెవిలో మంచునీళ్లు పోసి కనుగుడ్లు కదులుతాయేమో చూస్తారు. చివరిది ఏప్నియా పరీక్ష. ఆక్సిజన్ ఇస్తూనే వెంటిలేటర్ తొలగించి కొన్ని నిమిషాలు ఆగుతారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం 60 మిల్లీమీటర్లకు (పాదరసం) చేరితే, మెదడు కాండం బతికి ఉన్న మనిషి ఊపిరి కోసం తప్పక ప్రయత్నిస్తాడు. ఆ ప్రయత్నం కనిపించకపోతేనే నిర్ధారణ. ఈ పరీక్షలన్నీ కనీసం 6 గంటల తర్వాత మళ్లీ చేయాలి.

అపోహ: చెయ్యి కదిలింది కాబట్టి బతికే ఉన్నారు.

వాస్తవం: వెన్నుపాముకు రక్తం అందుతుంటే దాని ప్రతిచర్యల వల్ల వేళ్లు, చేతులు కదలవచ్చు. దానికి మెదడు అక్కర్లేదు.

యంత్రం మరణాన్ని మార్చలేదు, మన కంటికి కనిపించే గుర్తులను మార్చింది. అందుకే మీ ఇంట్లో అలాంటి కష్టం వస్తే డాక్టర్లను మొహమాటం లేకుండా అడగండి. ఏప్నియా పరీక్ష చేశారా? రెండోసారి ఎప్పుడు చేశారు? నలుగురు వైద్యులూ సంతకాలు చేసిన బ్రెయిన్ డెత్ ధ్రువీకరణ పత్రం (ఫారం 10) ఉందా? కుటుంబం అంగీకరించకుండా అవయవాలు తీసుకునే హక్కు ఎవరికీ లేదు. ప్రభుత్వ అవయవదాన కార్యక్రమం ‘జీవన్‌దాన్’ ద్వారా దానం చేయాలా, వద్దా అన్నది ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి. ఐసీయూ గుమ్మం దగ్గర ఆ భారమంతా మీవాళ్ల మీద పడకుండా ఉంటుంది.